అమెరికా ఎమ్మెస్‌కు ఒకరు, దుబాయ్ పనికి ఒకరు: ఇన్సూరెన్స్ ఎట్ల ఎంచుకోవాలె?

నయీంనగర్ వాసి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. మా ఇంట్ల నుంచి ఈ ఆగస్టుల ఇద్దరు దేశం దాటుతున్నరు. ఇన్సూరెన్స్ గురించి ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు. తెలిసినోళ్లు వివరంగ చెప్పండి.

మొదట తమ్ముడు. అమెరికాల ఒక పబ్లిక్ యూనివర్సిటీల ఎమ్మెస్, ఎఫ్-1 వీసా. యూనివర్సిటీ ప్లాన్ ఏడాదికి 3,100 డాలర్లు. హన్మకొండ చౌరస్తా దగ్గర కన్సల్టెన్సీ అతను మాత్రం లక్ష డాలర్ల పాలసీ 40 వేల రూపాయలల్ల ఇప్పిస్త, అది చూపిస్తే యూనివర్సిటీది కట్టే పని లేదు అన్నడు. తమ్మునికి చిన్నప్పటి సంది ఆస్తమా, ఇన్‌హేలర్ వాడుతడు. ఫారంల అది రాయకండి, రాస్తే లేనిపోని తలనొప్పి అని కూడా అతనే చెప్పిండు.

రెండోది మా బావమరిది. మెట్‌పల్లి. పది పాస్ కాలేదు, పాస్‌పోర్ట్ ఈసీఆర్ (పనికి పోవాలంటే సర్కారు అనుమతి కావాల్సింది). దుబాయ్‌ల కంపెనీ వీసా, ఏసీ డక్టుల పని. 'అన్నీ కంపెనే చూసుకుంటది' అంటున్నరు. భార్య, ఇద్దరు పిల్లలు ఇక్కడనే ఉంటరు. వీళ్లిద్దరికి ఏం తీసుకోవాలె, ఎంతకు తీసుకోవాలె?

కాజీపేట జంక్షన్:

తమ్ముని సంగతి చెప్తాను, గల్ఫ్ గురించి తెలిసినవాళ్లు ఇక్కడ వేరే ఉన్నారు.

ఎఫ్-1 విద్యార్థికి ఇన్సూరెన్స్ ఉండాలని అమెరికా ప్రభుత్వం ఎక్కడా పెట్టలేదు. ఆ షరతు పెట్టేది యూనివర్సిటీ. అందుకే ఒక యూనివర్సిటీ ఒప్పుకున్న పాలసీని పక్క ఊళ్లో ఉన్న యూనివర్సిటీ ఒప్పుకోదు, 'మా సీనియర్‌కు పాస్ అయింది' అన్న మాటకు విలువ లేదు. జే-1 (ఎక్స్ఛేంజ్ వీసా) మీద పోయేవాళ్లకు మాత్రం వీసా నిబంధనే ఉంది: ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్లు, వైద్యం కోసం తరలింపుకు 50,000, మృతదేహాన్ని స్వదేశం పంపడానికి 25,000, డిడక్టిబుల్, అంటే కంపెనీ కట్టడం మొదలుపెట్టకముందు మనం కట్టేది, 500 దాటకూడదు. కొన్ని యూనివర్సిటీలు ఎఫ్-1 వాళ్లకు కూడా ఇవే అంకెలు పెడతాయి. మరికొన్ని ఇంకా గట్టి షరతులు రాస్తాయి.

కాబట్టి డబ్బు కట్టకముందు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో స్టూడెంట్ హెల్త్ ఇన్సూరెన్స్ పేజీ తెరిచి వేవర్ (బయటి పాలసీ చూపించి యూనివర్సిటీ ప్లాన్ నుంచి పొందే మినహాయింపు) షరతుల కాగితం దింపుకోండి. కన్సల్టెన్సీ అతని పాలసీ వర్డింగ్ అడగండి. బ్రోచర్ కాదు, నలభై యాభై పేజీల అసలు కాగితం. రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కో లైను చూడండి. మన దేశపు పాలసీలు ఎక్కువగా దెబ్బతినే చోట్లు ఇవి: ముందునుంచి ఉన్న జబ్బులు కవర్ కావాలన్న షరతు, మానసిక వైద్యానికి మామూలు జబ్బుతో సమానంగా చెల్లించాలన్న షరతు, కాన్పు ఖర్చు, క్లెయిమ్ ఆఫీసు అమెరికాలో ఉండాలన్న షరతు. ఆ కాగితంలో 'ఏసీఏ కంప్లయంట్' (అమెరికా ఆరోగ్య బీమా చట్టానికి లోబడిన పాలసీ) అన్న మాట ఉంటే ఇక వెదకడం ఆపేయండి. ఇక్కడ కొన్న ఏ స్టూడెంట్ ట్రావెల్ పాలసీ దానికి సరిపోదు. కన్సల్టెన్సీ వాళ్లు 'వేవర్ గ్యారంటీ' అంటే ఆ మాట ఈమెయిల్‌లో రాసివ్వమనండి.

వేవర్ దరఖాస్తుకు గడువు ఉంటుంది, సాధారణంగా సెమిస్టర్ మొదలైన కొద్ది వారాల్లో ముగుస్తుంది. అది దాటితే ప్రీమియం ట్యూషన్ ఫీజు ఖాతాలో పడుతుంది. కట్టకపోతే ఖాతా మీద హోల్డ్ పెడతారు, తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. ఒకసారి ఒప్పుకున్నారు కదా అని ఊరుకోవద్దు, ప్రతి ఏడాదీ, కొన్నిచోట్ల ప్రతి సెమిస్టర్, మళ్లీ పెట్టాలి.

ఇక అసలు విషయం. లక్ష డాలర్లు అన్న అంకె చూసి పాలసీ కొనొద్దు. బిల్లు వచ్చినప్పుడు ఎవరు ఎంత కడతారన్నదే చూడాలి. ఉదాహరణకు అపెండిక్స్ ఆపరేషన్, నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఒప్పుకున్న ధర 40,000 డాలర్లు అనుకోండి. యూనివర్సిటీ ప్లాన్‌లో డిడక్టిబుల్ 500, కోఇన్సూరెన్స్ (మిగిలిన బిల్లులో మన వాటా) 20 శాతం, ఏడాదికి ఔట్ ఆఫ్ పాకెట్ మాక్సిమమ్ (మన జేబు నుంచి పోయే గరిష్ఠ మొత్తం) 6,000 అనుకుందాం. మొదటి 500 మనది. మిగిలిన 39,500లో 20 శాతం అంటే 7,900. మొత్తం 8,400 అవ్వాలి, కానీ 6,000 దగ్గర మన జేబు మూత పడుతుంది. ఆ ఏడాదిలో నెట్‌వర్క్‌లో జరిగే కవర్ అయిన వైద్యానికి ఆ పైన మనం రూపాయి కట్టం.

అదే ఆపరేషన్‌కు సబ్ లిమిట్లు, అంటే ఒక్కో ఖర్చుకు విడివిడి పరిమితులు, ఉన్న పాలసీ తీసుకుంటే లెక్క వేరు. గదికి రోజుకు 1,500 చొప్పున మూడు రోజులు 4,500, సర్జన్‌కు 3,000, మత్తు డాక్టరుకు 750, పరీక్షలకు 500 అని గీతలు గీసి ఉంటే కంపెనీ ఇచ్చేది 8,750. మిగిలిన 31,250 తమ్ముడిది. పాలసీ మీద మాత్రం లక్ష డాలర్లు అనే ఉంటుంది. మన దేశపు స్టూడెంట్ పాలసీలన్నింటికీ సబ్ లిమిట్లు ఉంటాయని కాదు, లేనివీ ఉన్నాయి. అందుకే పాలసీ వర్డింగ్‌లో ఆ ముక్క ఉందో లేదో వెదకమంటున్నాను. ఇంకొకటి, ఆ లక్ష మొత్తం పాలసీకా లేక ఒక్కో జబ్బుకా అన్నది కూడా చూడాలి.

ఆస్తమా ఉన్న అబ్బాయికి నేనైతే యూనివర్సిటీ ప్లానే చెబుతాను. 3,100 డాలర్లు అంటే రెండున్నర లక్షల పైమాటే, అప్పు చేసి చదివే ఇంటికి అది చిన్న మొత్తం కాదు, తెలుసు. కానీ కంపెనీల ద్వారా నడిచే యూనివర్సిటీ ప్లాన్లు చట్టప్రకారం పాత జబ్బులను మినహాయించడానికి వీల్లేదు. ఇక్కడి పాలసీలు చాలావరకు పాత జబ్బును ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప చూడవు, అప్పుడు కూడా ఒక పరిమితి వరకే. చలికాలం ఆస్తమా ఎక్కువై రెండు రోజులు అడ్మిట్ అయితే ఆదా చేశామనుకున్నది ఒక్క బిల్లులో పోతుంది. ఇన్‌హేలర్ ధర గురించి భయపడకండి. బోహ్రింగర్, ఆస్ట్రాజెనెకా, జీఎస్‌కే కంపెనీలు 2024, 2025లలో తమ ఇన్‌హేలర్లకు అర్హులైన రోగుల నుంచి నెలకు 35 డాలర్ల కన్నా ఎక్కువ తీసుకోకుండా పరిమితి పెట్టాయి. ఖర్చంతా ఎమర్జెన్సీ రూమ్‌లో, అడ్మిషన్‌లో ఉంటుంది.

అక్కడ పాటించాల్సినవి రెండు. ప్రాణాపాయం కాకపోతే ఎమర్జెన్సీ రూమ్‌కు పోవద్దు. ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్, అది మూసి ఉంటే నెట్‌వర్క్‌లో ఉన్న అర్జెంట్ కేర్ (ప్రాణాపాయం లేని జబ్బులకు వెంటనే చూసే క్లినిక్). ఒకే జ్వరానికి ఎమర్జెన్సీ రూమ్‌కూ అర్జెంట్ కేర్‌కూ బిల్లు పదింతలు తేడా ఉండొచ్చు. రెండోది, ఫీజు రసీదులో 'స్టూడెంట్ హెల్త్ ఫీజు' కనబడగానే ఇన్సూరెన్స్ కట్టేశామనుకోవద్దు. అది క్యాంపస్ క్లినిక్ వాడుకోవడానికి కట్టేది. ఇన్సూరెన్స్ వేరు.

తేదీలు కూడా చూడండి. యూనివర్సిటీ ప్లాన్ ఆగస్టు 15న మొదలై విమానం ఆగస్టు 1న అయితే మధ్యలో రెండు వారాలకు పైసా కవర్ ఉండదు. ఆ రోజులకు మాత్రం ఇక్కడ చిన్న ట్రావెల్ పాలసీ తీసుకోండి. పళ్లు, కళ్లు యూనివర్సిటీ మూల ప్లాన్‌లో పెద్దవాళ్లకు సాధారణంగా ఉండవు. రూట్ కెనాల్ అవసరమైన పన్ను ఉంటే హన్మకొండలోనే చేయించి, రెండు జతల కళ్లద్దాలు చేయించుకొని పొమ్మనండి. చదువు అయిపోయి ఓపీటీలోకి (చదువు తర్వాత పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) వచ్చాక యూనివర్సిటీ ప్లాన్ ఆగిపోతుంది. ఆ రోజు నుంచి 60 రోజుల్లోపల మార్కెట్‌ప్లేస్ (అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్ వెబ్‌సైట్) ప్లాన్ కొనుక్కోవచ్చు. ఆ గడువు పోతే మళ్లీ నవంబరు 1న మొదలయ్యే ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి. ఉద్యోగం వెతుక్కునే ఆ నెలల్లోనే చాలామంది ఏ కవరూ లేకుండా తిరుగుతారు.

కోరుట్ల క్రాస్‌రోడ్:

అన్నా, గల్ఫ్ ముచ్చట నేను చెప్త. 'కంపెనే చూసుకుంటది' అనుడుల సగం నిజం ఉన్నది. కంపెనీ కార్డు మనిషి బతికుండంగ దవాఖానకు పనికొస్తది. ఇక్కడ ఉన్న భార్యకు, పిల్లలకు ఆ కార్డుతోని ఏం రాదు. అందుకే రెండు దిక్కులా చూసుకోవాలె.

ముందుగాల కంపెనీ కార్డు. దుబాయ్‌ల 2013 నాటి 11వ నంబరు చట్టం ప్రకారం పనోనికి హెల్త్ ఇన్సూరెన్స్ ఇచ్చుడు యజమాని బాధ్యత, ఆ ప్రీమియం జీతంల కెల్లి కోసుడు నడవది. నెలకు 4,000 దిర్హముల లోపల జీతం ఉన్నోళ్లకు ఇచ్చే బేసిక్ ప్లాన్ల ఏడాదికి 1,50,000 దిర్హములు పరిమితి. డాక్టరు కాడికి పోతే కొంత మన చేతి నుంచి కట్టాలె. బేసిక్ కార్డు అన్ని దవాఖానల్ల నడవది, క్యాంపుకు దగ్గర్ల ఏ క్లినిక్కు నడుస్తదో దిగిన మొదటి వారంల్నే తెలుసుకొమ్మనుండ్రి. కార్డు చేతికి రాకముందు మధ్యల కొన్ని రోజులు ఖాళీ ఉంటది, ఆ రోజుల్ల ఏమన్న అయితే ఎవరు కడతరని పోకముందే కంపెనీని అడుగుండ్రి. దుబాయ్, అబుదాబి కాక మిగతా ఎమిరేట్లల్ల కూడా 2025 జనవరి 1 సంది ఇది తప్పనిసరి అయింది.

అక్కడ ఇంకొకటి ఉంటది, ఉద్యోగం పోతే వచ్చే ఐలోయీ ఇన్సూరెన్స్. బేసిక్ జీతం 16,000 దిర్హముల లోపల ఉంటే నెలకు 5 దిర్హములు. దీన్ని పనోడే కట్టుకోవాలె, కట్టకపోతే 400 దిర్హముల జుర్మానా. వరుసగ 12 నెలలు కట్టినంక కంపెనీ తీసేస్తే బేసిక్ జీతంల 60 శాతం మూడు నెలల దాకా ఇస్తరు. ఉద్యోగం పోయిన 30 రోజులల్ల అడగాలె. రాజీనామా ఇచ్చినా, తప్పు చేసి పీకేసినా రాదు. టీ పైసలు పెట్టి కట్టుకునేది, మరిచిపోవద్దని చెప్పుండ్రి.

ఇప్పుడు మన సర్కారుది. ఈసీఆర్ పాస్‌పోర్ట్ మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. కాంట్రాక్టు రెండేండ్లదైనా మూడేండ్లది తీసుకొమ్మంట, వంద రూపాయల తేడానే. దీంట్ల ఏమేమున్నది అంటే, ప్రమాదంల చనిపోయినా, శాశ్వతంగ వైకల్యం వచ్చినా 10 లక్షలు. యజమాని మారినా, జాగ మారినా ఇది పోదు, 2017ల ఈ మార్పు తెచ్చిండ్రు. దెబ్బలకు, జబ్బుకు దవాఖాన ఖర్చు లక్ష వరకు, ఒక్క అడ్మిషన్‌కు 50 వేలు మించకుంట. పనికి సంబంధించిన కేసు నడిపియ్యాలంటే 45 వేల వరకు. మెడికల్ అన్‌ఫిట్ అయితే వాపసు వచ్చే ఎకానమీ టికెట్.

ఇగ అందరూ దెబ్బతినే చోటు ఇది. ఆ 10 లక్షలు ప్రమాదానికే. నిద్రల గుండె ఆగి పోయిండు అంటే అది ప్రమాదం కాదు, 10 లక్షలు రావు. ఎండల పని చేసే మనోళ్లు ఎట్ల పోతున్నరో జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు ఏ ఊరినడిగినా చెప్తరు. అందుకే సహజ మరణానికి కూడా పైసలొచ్చే పాలసీ వేరేగ ఉండాలె, అదీ మనిషి ఇక్కడ ఉన్నప్పుడే తీసుకోవాలె.

దానికి మొదటి మెట్టు బ్యాంకుల ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా. ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో పోయినా 2 లక్షలు, 18 నుంచి 50 ఏండ్ల లోపల చేరాలె. చేరినంక మొదటి 30 రోజులు ప్రమాదం తప్ప మిగిలిన మరణాలకు రాదు, కాబట్టి విమానం ఎక్కే వారం ముందు కాదు, ఇప్పుడే చేరుండ్రి. ఎన్నారై అయినా ఇక్కడి ఖాతా ఉంటే నడుస్తది. ఇంక 20 రూపాయలు పెడితే సురక్షా బీమా, ప్రమాదానికి ఇంకో 2 లక్షలు. ఈ రెండూ మే నెల చివరల ఖాతాల కెల్లి కట్ అయితయి. ఆ నెల ఖాతా ఖాళీగ ఉంటే పాలసీ బంద్. వచ్చిన జీతం వచ్చినట్టు తీసి అప్పులోళ్లకు కట్టే ఇండ్లల్ల సరిగ్గ ఇట్లనే బంద్ అయితది. ఖాతాను ఎన్నారై ఖాతాగ మారిస్తే ఆటో డెబిట్ నడుస్తుందా లేదా బ్రాంచిల అడిగి మళ్లీ సంతకం పెట్టుండ్రి.

2 లక్షలు ఇద్దరు పిల్లలకు సరిపోవు. టర్మ్ పాలసీ (పెట్టుకున్న ఏండ్లల్ల మనిషి పోతేనే ఇంటోళ్లకు పైసలొచ్చేది) చూడుండ్రి. పది పాస్ కాకపోతే, ఆదాయం కాగితం లేకపోతే కొన్ని కంపెనీలు పెద్ద మొత్తం ఇయ్యవు, ఎల్ఐసీతోని పాటు రెండు మూడు చోట్ల అడిగితే ఎంత ఇస్తరో తెలుస్తది. వీసాకు చేసిన అప్పు, ఇంటి అప్పు, చిన్నోడు డిగ్రీ అయ్యేదాకా ఇల్లు నడిచే ఖర్చు, ఈ మూడూ కలిపిన మొత్తమే లెక్క. ఫారంల దుబాయ్ పోతున్నట్టు, ఏం పని చేస్తడో కచ్చితంగ రాయాలె. డక్టుల పని అంటే ఎత్తు మీద పని, దాస్తే రేపు క్లెయిమ్ కాడ అదే అడ్డం పడ్తది.

భూమి ఆయన పేరు మీద ఉండి పట్టాదారు పాస్‌బుక్ ఉంటే రైతు బీమా చూడుండ్రి. 18 నుంచి 59 ఏండ్ల రైతుకు 5 లక్షలు, సహజ మరణమైనా సరే, ప్రీమియం సర్కారే కడ్తది. పోకముందు ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారి) కలిసి ఆధార్, నామినీ వివరాలు ఎక్కినయా లేదా చూసుకోవాలె. గల్ఫ్‌ల చనిపోయినోళ్ల ఇంటికి రాష్ట్ర సర్కారు ఇచ్చే 5 లక్షల ఎక్స్‌గ్రేషియా వేరే, 2023 డిసెంబర్ 7 తర్వాత జరిగిన మరణాలకు కలెక్టర్ ఆఫీసుల దరఖాస్తు పెట్టాలె. అది బీమా కాదు, దాన్ని నమ్ముకొని పాలసీ మానొద్దు.

ఇంకో మాట గట్టిగ చెప్త. 'ఇప్పుడు విజిట్ వీసా మీద పో, అక్కడ మారుస్తం' అని ఏజెంటు మధ్యల మాట మారిస్తే పంపొద్దు. విజిట్ వీసా మీద పోయినోనికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండది, ప్రవాసీ బీమా ఉండది, కంపెనీ కార్డు ఉండది, పనిల దెబ్బ తగిలితే నష్టపరిహారం అడిగే కాగితం ఉండది.

కాగితాలు: పాలసీ నంబరు, పాస్‌పోర్ట్, వీసా, కాంట్రాక్టు జిరాక్సులు ఆయన భార్య కాడ ఒక కవర్ల పెట్టుండ్రి, ఫోన్ల ఫొటోలు వేరే. నామినీ పేరు ఆధార్‌ల ఎట్లున్నదో అట్లనే అక్షరం పొల్లుపోకుంట ఉండాలె. ప్రమాదం జరిగితే అది ప్రమాదమేనని ఇండియన్ ఎంబసీ లేదా కాన్సులేట్ ఇచ్చే సర్టిఫికెట్‌ను ప్రవాసీ బీమా క్లెయిమ్‌కు కంపెనీలు ఒప్పుకోవాలని రూల్ ఉన్నది. ఇంటోళ్లకు ఈ సంగతి తెలిసుండాలె.

సుబేదారి నుంచి:

ఇదే చర్చలో నాదీ ఒక ప్రశ్న. మా అక్క కూతురు జర్మనీ పోతుంది, అక్టోబర్ సెమిస్టర్. వయసు 29. నెలకు 35 యూరోల ప్రైవేట్ ఇన్సూరెన్స్ చాలు, వీసాకు పనికొస్తది అని చెప్తున్నరు. తీసుకోవచ్చా?

రామప్ప చెరువు:

వద్దండి. వీసా దాకా పనికొస్తుంది కానీ ఆ తర్వాత చిక్కు పెడుతుంది.

జర్మనీలో డిగ్రీ చదివే 30 ఏళ్ల లోపు విద్యార్థికి ప్రభుత్వ ఆరోగ్య బీమా విద్యార్థి రేటులో దొరుకుతుంది. టీకే, ఏఓకే, బార్మర్ లాంటి బీమా సంస్థలు ఇస్తాయి. పిల్లలు లేని 23 ఏళ్లు దాటినవాళ్లకు 2025లో నెలకు 140 నుంచి 150 యూరోల మధ్య పడింది. ఖరీదు అనిపిస్తుంది. కానీ పాత జబ్బులన్నీ కవర్ అవుతాయి, డాక్టరు దగ్గర కార్డు చూపిస్తే చాలు. ప్రైవేట్‌ది తీసుకోవాలంటే ముందు ప్రభుత్వ బీమా నుంచి మినహాయింపు రాయించుకోవాలి. ఆ మినహాయింపు చదువు పూర్తయ్యే దాకా వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. మధ్యలో జబ్బు చేసి ప్రైవేట్ కంపెనీ ప్రీమియం పెంచినా, కట్టనన్నా, తిరిగి వచ్చే దారి మూసుకుపోతుంది. నెలకు వంద యూరోలు మిగులుతాయని పెట్టిన ఒక సంతకం రెండేళ్లు వెంటాడుతుంది.

మీ అమ్మాయి వయసు 29 కాబట్టి ఇంకా జాగ్రత్త. 30 నిండిన సెమిస్టర్ ముగిసేదాకా విద్యార్థి రేటు నడుస్తుంది. ఆ తర్వాత ప్రభుత్వ బీమాలోనే స్వచ్ఛందంగా కొనసాగవచ్చు, నెలకు 250 యూరోలు దాటుతుంది. అయినా లోపల ఉన్నవాళ్లకే ఆ వీలు. 30 నిండాక అడ్మిషన్ తీసుకొని వచ్చేవాళ్లకు విద్యార్థిగా ప్రభుత్వ బీమా తలుపు తెరుచుకోదు. అడ్మిషన్ వాయిదా వేయాలన్న ఆలోచన ఉంటే ఈ ఒక్క కారణానికైనా మానుకోండి. స్టూడియెన్‌కోలెగ్ (డిగ్రీకి ముందు చదివే సన్నాహక కోర్సు), భాషా కోర్సుల వాళ్లకు విద్యార్థి రేటు వర్తించదు, వాళ్ల సంగతి వేరు.

బ్లాక్డ్ అకౌంట్‌లో (ఖర్చులకు డబ్బుందని వీసా కోసం చూపే ఖాతా) వేసే 11,904 యూరోలు నెలకు 992 చొప్పున చేతికొస్తాయి. ఇన్సూరెన్స్ కూడా అందులోనుంచే పోవాలి. గది అద్దె లెక్క వేసేటప్పుడు ఇది తీసేసి చూడండి.

సెప్టెంబర్‌లో దిగితే విద్యార్థి బీమా సెమిస్టర్ మొదలయ్యే అక్టోబర్ 1కి ముందు మొదలవదు. ఆ మధ్య రోజులకు ట్రావెల్ పాలసీ, కనీసం 30,000 యూరోల కవర్‌తో తీసుకోవాలి. మీరు చెప్పిన 35 యూరోలది ఈ పనికి సరిగ్గా సరిపోతుంది, అంతవరకే. ఎన్‌రోల్‌మెంట్ కోసం యూనివర్సిటీకి బీమా సమాచారం కాగితం మీద కాదు, ప్రభుత్వ బీమా సంస్థే ఆన్‌లైన్‌లో పంపుతుంది. దాన్ని ఎం10 అంటారు. అడ్మిషన్ లెటర్ రాగానే ఇక్కడినుంచే దరఖాస్తు పెట్టి ఎం10 పంపమని అడగండి.

ఇది చదివే మిగతా దేశాల వాళ్లకు రెండు ముక్కలు. యూకే అయితే ఎంచుకునేది ఏమీ లేదు. వీసాతోపాటు హెల్త్ సర్‌చార్జి కట్టాలి, 2024 ఫిబ్రవరి నుంచి విద్యార్థికి ఏడాదికి 776 పౌండ్లు. చదువు ఒక్క ఏడాదే అయినా వీసా దానికన్నా ఎక్కువ కాలం ఇస్తారు, మిగిలిన భాగం ఆరు నెలల్లోపు ఉంటే సగం కలిపి 1,164 పౌండ్లు అవుతుంది. ఆ సగం లెక్క వేసుకోక చివరి నిమిషంలో కార్డు లిమిట్ సరిపోని వాళ్లు ఉంటారు. ఆస్ట్రేలియాకు ఓఎస్‌హెచ్‌సీ (విదేశీ విద్యార్థుల ఆరోగ్య బీమా) వీసా షరతు, చదువు కాలానికి కాదు, వీసా కాలం మొత్తానికి కొనాలి. పాత జబ్బులకు 12 నెలల వెయిటింగ్ ఉంటుంది.

హంటర్ రోడ్ నుంచి:

మొదటి ప్రశ్నలో ఆస్తమా రాయొద్దన్న సలహా గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. అది తమ్ముణ్ని నిలువునా ముంచే సలహా. అమెరికాలో ఆసుపత్రిలో చేరగానే మొదట రాసేది గత చరిత్ర. 'చిన్నప్పటి నుంచి ఆస్తమా, ఇన్‌హేలర్ వాడుతున్నాడు' అని తమ్ముడే చెబుతాడు, చెప్పకపోతే వైద్యం తప్పుతుంది. ఆ కాగితం క్లెయిమ్‌తో పాటు కంపెనీకి పోతుంది. అక్కడ ఆస్తమా క్లెయిమ్ ఒక్కటే పోయి ఊరుకోదు. వివరం దాచారని పాలసీ మొత్తాన్నే రద్దు చేయవచ్చు, అప్పుడు కాలు విరిగినా దిక్కులేదు. గత 36 నెలల్లో నిర్ధారణ అయినా, వైద్యం తీసుకున్నా అది పాత జబ్బు కిందికే వస్తుంది. ఇన్‌హేలర్ వాడుతున్నాడంటే అందులో సందేహం లేదు. ఏజెంటు ఫారం నింపితే ఓటీపీ చెప్పే ముందు ఆరోగ్యం ప్రశ్నలకు ఏమి టిక్ పెట్టాడో మీ కళ్లతో చూడండి. సంతకం తమ్ముడిది, బాధ్యతా తమ్ముడిదే.

ఇక్కడి పాలసీతో పోయేవాళ్లు క్లెయిమ్ కోసం ఇవి దాచుకోవాలి: ఐటమ్ వారీ బిల్లు, చెల్లించిన రసీదు, డాక్టర్ రాసిన డయాగ్నసిస్, డిశ్చార్జ్ సమ్మరీ, పాస్‌పోర్ట్‌లో ప్రవేశ ముద్ర లేదా ఐ-94 (అమెరికాలో దిగిన రికార్డు). అడ్మిట్ అయితే పాలసీ మీద ఉన్న హెల్ప్‌లైన్‌కు వెంటనే, ఎక్కువ పాలసీల్లో 24 గంటల్లో, చెప్పాలి. చెప్పకపోతే క్యాష్‌లెస్ పోయి మొత్తం మనమే కట్టి తర్వాత అడుక్కోవాల్సి వస్తుంది. దొంగతనం, పాస్‌పోర్ట్ పోవడం లాంటివాటికి పోలీసు రిపోర్టు లేకుండా ఒక్క రూపాయి రాదు.

కంపెనీ కాదంటే ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. కంపెనీ కాదన్న ఏడాదిలోపల పోవాలి. ఫీజు లేదు, లాయరు అవసరం లేదు, 50 లక్షల వరకు తీర్పు ఇచ్చే అధికారం ఉంది. అయితే ఇది మన దేశపు కంపెనీల మీదనే. అమెరికా ప్లాన్ మీద ఫిర్యాదు ఆ రాష్ట్రపు ఇన్సూరెన్స్ శాఖకు చేయాలి.

నయీంనగర్ వాసి:

అందరికీ చాలా థ్యాంక్స్. యూనివర్సిటీ షరతులు తెరిచి చూసిన, కాజీపేట అన్న చెప్పిన ఏసీఏ మాట అందుల ఉంది. కాని కన్సల్టెన్సీ అతనికి పాలసీ పైసలు పోయిన వారమే కట్టేసినం. ఇప్పుడు అవి వాపసు వస్తయా? బావమరిదికి జీవన జ్యోతి, సురక్షా రేపు బ్యాంకుల పెట్టిస్త.

కాజీపేట జంక్షన్:

పాలసీ మొదలయ్యే తేదీ ఇంకా రాలేదు కదా, వస్తాయి. ట్రావెల్ పాలసీని మొదలయ్యే తేదీకి ముందు రద్దు చేస్తే చాలా కంపెనీలు కొంత రద్దు చార్జి పట్టుకొని మిగతాది ఇచ్చేస్తాయి. కన్సల్టెన్సీ అతని ద్వారా కాకుండా పాలసీ మీద ఉన్న కంపెనీ ఈమెయిల్‌కే నేరుగా రాయండి. పాలసీ నంబరు, రద్దుకు కారణం, డబ్బు కట్టిన ఖాతా క్యాన్సిల్డ్ చెక్కు జతచేయండి. యూనివర్సిటీ షరతుల పేజీని కూడా పీడీఎఫ్ చేసి పెట్టండి. తేదీ దాటితే మాత్రం తమ్ముడు ప్రయాణం చేయలేదని పాస్‌పోర్ట్ పేజీలన్నీ స్కాన్ చేసి పంపాలి, విమానం ఎక్కాక అయితే ఆశ వదులుకోవడమే. కాబట్టి ఈ పని ఈ వారంలోనే చేయండి. రద్దు అయినట్టు జవాబు వచ్చాక, విమానం ఎక్కే రోజు నుంచి యూనివర్సిటీ ప్లాన్ మొదలయ్యే రోజు దాకా చిన్న పాలసీ వేరుగా తీసుకోండి, ఆ ఫారంలో ఆస్తమా రాసి.